ఐదో చుక్క

"రాకుండానే చెప్పావా ఇన్నాళ్ళూ?"

ఈ మాట అడిగింది హనుమయ్య. తెనాలిలో ఒక కాలేజీ కమిటీకి ఆయన సెక్రటరీ, కాలేజీ కన్నా ముందు ఒక రైసుమిల్లుకి యజమాని. 1967 వేసవి. మిల్లులో ఊక పొట్టు ఎగిరొచ్చి బల్ల మీద కాగితాల మీద పడుతోంది. ఎదుట నిలబడ్డవాడు పున్నారావు, ముప్పై ఆరేళ్ళవాడు, ఆ కాలేజీలో ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరు. బీయెస్సీ పాసై చేరిన దగ్గర్నించీ పదమూడేళ్ళుగా లాబులో పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తున్నాడు. రెండేళ్ళు సెలవిస్తే బాపట్లలో కొత్తగా పెట్టిన పి.జి. సెంటర్లో ఎమ్మెస్సీ చదువుకుంటానని అర్జీ పట్టుకొచ్చాడు.

"పదమూడేళ్ళ బట్టీ పిల్లలకి ఫిజిక్సే చెబుతున్నావు గదా. ఇప్పుడు మళ్ళీ ఫిజిక్సే నేర్చుకుంటానంటావేంటయ్యా? రాకుండానే చెప్పావా?"

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. పున్నారావు నవ్వలేదు. ఆ ప్రశ్న అతనికి గుచ్చుకున్నది అవమానంగా ఉన్నందుకు కాదు, జవాబు తెలిసినందుకు.

చిన్న ఊళ్ళ కాలేజీల్లో ప్రాక్టికల్సు ఎలా జరుగుతాయో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు మాత్రం లాబంటే సత్యాన్ని వెతికే చోటనుకుంటారు, వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథులు అలాగే చెబుతారు కాబట్టి. ఇరవై మంది పిల్లలకి నాలుగు లోలకాలు, రెండు స్టాప్‌వాచీలు. వాటిల్లో ఒకటి నడవదు. గంట కొట్టేలోగా రీడింగులు తీసి, గ్రాఫు గీసి, విలువ కట్టి, రికార్డు మీద సంతకం పెట్టించుకోవాలి. వచ్చిన విలువ పుస్తకంలో విలువకి దగ్గరగా లేకపోతే మార్కుల్లేవు. అంచేత పిల్లలు విలువ ముందు రాసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కగట్టి, రీడింగులు పుట్టిస్తారు. దానికి వాళ్ళ భాషలో "వండడం" అని పేరు. ఇది పాపమని ఉపన్యాసాలిచ్చే పెద్దలెవరూ ఆ లాబులో ఆ గంటసేపు నిలబడి ఎరగరు.

పున్నారావు ఈ వంటలో చెయ్యి తిరిగినవాడు. ఏ పరికరం ఎంత చెప్పాలో అతనికి నోటికొచ్చు. పైగా తెనాలి లాబుకి సొంతంగా ఒక సూత్రం కనిపెట్టి ఇచ్చాడు. పచ్చిగా వండేవాడు గ్రాఫులో చుక్కలన్నీ గీత మీదే పెడతాడు, పరీక్షకుడి కన్ను పడేది అక్కడే.

"పసిపిల్ల మరీ ముద్దుగా ఉంటే ఏం చేస్తార్రా? బుగ్గన నల్లచుక్క పెడతారు. గ్రాఫుకీ అంతే. ఐదో చుక్కని గీతకి కాస్త ఎడంగా పెట్టు. ఆయన దాన్ని చూసి, వీడు నిజంగానే చేశాడ్రా అనుకుని పక్క బల్లకి పోతాడు."

అదీ దిష్టిచుక్క. పదమూడేళ్ళలో తెనాలి నుంచి పోయిన రికార్డుల్లో ఐదో చుక్క గీత మీద నిలిచింది అరుదు.

అంత నిక్షేపంగా ఉన్నవాడు ఎందుకు కదిలాడు? జ్ఞానతృష్ణ అని రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ అబద్ధమవుతుంది. ఆ ఏడాది కాలేజీలో కొత్తగా చేరిన ఎమ్మెస్సీ లెక్చరరు, పున్నారావు దగ్గరే గ్రాఫు గీయడం నేర్చుకున్న కుర్రాడు, స్టాఫ్ రూములో కుర్చీలు చాలని రోజున, "డెమో గారూ, మీరు లాబులో కూచోండి, అక్కడ గాలి బావుంటుంది" అన్నాడు. పున్నారావు వెళ్ళి లాబులో కూచున్నాడు. గాలి బాగానే ఉంది. ఆ సాయంత్రం అర్జీ రాశాడు. రాస్తూ ఉండగా ఇంకో సంగతి తోచింది. ఇన్నేళ్ళలో తను ఒక్కసారైనా దేన్నైనా నిజంగా కొలిచాడా? గుర్తు రాలేదు. హనుమయ్య ప్రశ్న సరిగ్గా ఆ పుండు మీదే పడింది.

హనుమయ్య చదువు విషయంలో మొరటువాడే గాని బేరం తెలిసినవాడు.

"సరే, వెళ్ళు. ఎమ్మెస్సీలు కావాలి, ఎమ్మెస్సీలు కావాలని యూనివర్సిటీ వాళ్ళు ప్రాణం తోడేస్తున్నారు. బయట్నించి తెస్తే ఏడాది తిరక్కుండా ఎగిరిపోతున్నారు. నువ్వెక్కడికి ఎగురుతావు, రేపల్లె రైలెక్కడం తప్ప? రెండేళ్ళూ సగం జీతం ఇస్తాం. సెకండ్ క్లాసు తెచ్చుకో, లెక్చరరు కుర్చీ నీది. తేలేదనుకో, తిన్న సగం జీతం కక్కాలి. బాండు రాసివ్వు. నీకు భూమేమన్నా ఉందా?"

"నాకు లేదండి. మా ఆవిడకి పెనుమూడిలో ముప్పావెకరం ఉందండి."

"ఇంకేం మరి. ఆవిడ సంతకం పట్రా."

రేపల్లెలో ఇంటికెళ్ళి బాండు కాగితం భార్య ముందు పెట్టాడు. మాణిక్యాంబ మొత్తం చదివింది.

"సెకండ్ క్లాసు రాకపోతే ఏంటి?"

"ఎందుకు రాదే?"

"వస్తుందనే నేనూ అంటున్నా. రాకపోతే ఏంటని అడిగాను."

అతను చూరు వైపు చూశాడు. ఆవిడ కలం అందుకుంది.

"గట్టు మీద కొబ్బరిచెట్లు కూడా రాశారా ఇందులో?"

"లేదు. పొలం ఒక్కటే."

"అయితే అవి మిగుల్తాయి" అని సంతకం పెట్టింది. పెట్టి, "మరి బాపట్లలో తిండెట్లా?" అంది.

"గది తీసుకుని వండుకుంటా."

"ఆఁ. లాబులో పదమూడేళ్ళు వండారు, గదిలో వండుకోలేరా!"

బాపట్ల సెంటర్లో మొదటి రోజు లాబులో అడుగుపెట్టేసరికి, బల్ల దగ్గరున్న లెక్చరరు గభాలున లేచి నిలబడ్డాడు. అతని పేరు బర్నబాస్. వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టి బతికిన తల్లి కొడుకు, ఎనిమిదేళ్ళ కిందట తెనాలిలో పున్నారావు దగ్గర లాబు చేసినవాడు.

"మాస్టారూ! మీరా అండి!"

"నమస్కారం సార్."

"నన్ను సార్ అనకండి మాస్టారూ."

"మరేమనమంటారు సార్?"

ఇరవై ఏళ్ళ వయసున్న క్లాస్‌మేట్లు పగలబడి నవ్వారు. నాలుగు రోజుల్లో ఆ ఇద్దరి మధ్యా "మాస్టారూ", "సార్" స్థిరపడ్డాయి. నవ్వులు తగ్గాయి. కష్టం మాత్రం తగ్గలేదు.

బర్నబాస్ దిద్దిన మొదటి రికార్డు తిరిగొచ్చింది. గ్రాఫులో ఐదో చుక్క చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. రికార్డంతా ఇంగ్లీషు. సున్నా పక్కన మాత్రం తెలుగులో ఒకటే మాట: "దిష్టా?"

ఆ సాయంత్రం లాబు ఖాళీ అయ్యాక బర్నబాస్ అతని బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఇక్కడ వండొద్దండి మాస్టారూ. నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు పట్టుకున్నారండి. ఇదే, ఐదో చుక్కే. రికార్డు మొహాన కొట్టారు. ఏడాది పోయింది. మా అమ్మ ఇంకో ఏడాది జీడిపిక్కలు కొట్టింది."

పున్నారావు రికార్డు మూసేశాడు.

"ఎవరు నేర్పార్రా నీకిది అని అడిగారండి. నేను చెప్పలేదు."

అంతే అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే పున్నారావుకి భరించరానిదైంది.

వండడం మానడం సిగరెట్టు మానడం కన్నా కష్టం. సిగరెట్టుని బయట పారెయ్యొచ్చు, వంట అతని చేతిలో ఉంది. స్కేలు మీద ముల్లు రెండు గీతల మధ్య నిలిస్తే, గ్రాఫుకి ఏది కావాలో అది చెయ్యి తనంతట తనే రాసేసేది. అతను నియమం పెట్టుకున్నాడు: రీడింగు సిరాతోనే రాయాలి, చివరి రీడింగు అయ్యేదాకా లెక్క కట్టకూడదు. విలువలు వికారంగా వచ్చాయి. కుర్రాళ్ళు "పెద్దాయన చెయ్యి వణుకుతోందిరా" అనుకున్నారు. థియరీ పేపర్లలో, తను చదివిన రోజుల్లో పేరు కూడా వినని విషయాలు. క్లాసులో ముందు వరసలో కూచుని, నోట్సులో సగం ఖాళీలు వదిలి, రాత్రి గదిలో ఎసరు మరిగేలోగా వాటిని పూరించేవాడు. చాలా ఖాళీలు ఖాళీలుగానే ఉండిపోయాయి.

అయినా రెండో ఏడు ఒక సాయంత్రం, గాల్వనోమీటరు అద్దం స్కేలు మీదికి విసిరిన వెలుగుచుక్క ఊగి ఊగి ఒకచోట ఆగింది. అతను అంకె రాసుకున్నాడు. రాశాక తట్టింది, ఆ అంకె అక్కడికి వస్తుందని తనకి ముందు తెలియదు. పదిహేనేళ్ళలో అది మొదటిసారి. కాసేపు కుర్చీలోనే ఉండిపోయాడు. వెళ్ళి ఎవరికన్నా చెబుదామనుకున్నాడు గాని, చెప్పడానికి అందులో ఏమీ లేదు.

మొదటి ఏడాది మార్కులు సెకండ్ క్లాసుకి కాస్త కిందే ఆగాయి. రెండో ఏడాది థియరీ పరీక్షలు బాగా రాశాడో లేదో అతనికే తెలియదు. ఇక మిగిలింది ప్రాక్టికల్. అందులో మంచి మార్కులొస్తే గట్టెక్కుతాడు. లేకపోతే లెక్చరరు కుర్చీ లేదు, పైగా బాండుంది, దాని వెనక పెనుమూడి పొలముంది. పరీక్ష ముందు రోజు మాణిక్యాంబ నుంచి కార్డొచ్చింది. కుశల ప్రశ్నల తర్వాత ఒక్క వాక్యం: "పొలంలో మినుము బాగా పండింది, మీరు దిగులు పడకండి." దిగులు పెరిగింది.

1969 ఏప్రిల్. వెలుగుచుక్క కనబడాలని లాబు కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. గాలికి చుక్క ఊగుతుందని పంకాలు ఆపేశారు. లోపల ఉడికిపోతోంది.

అతనికి వచ్చిన ప్రయోగం రెండు భాగాలు. డయల్ పెట్టె బిరడా ఒక్కో అంకె మీదికి తిప్పుతూ నిరోధం పెంచాలి. ప్రతిసారీ స్కేలు మీద వెలుగుచుక్క ఎంత జరిగిందో రాసుకోవాలి. ఆ అంకెల్ని గ్రాఫు మీద పెడితే తిన్నటి గీత రావాలి. ఆ గీత ఇచ్చిన విలువతో రెండో భాగం చేసి తుది ఫలితం తేల్చాలి. ఎక్కువ మార్కులు ఫలితానికే.

బిరడా ఒకటి నుంచి తొమ్మిది దాకా తిప్పాడు. అన్నీ సిరాతో రాశాడు. అప్పుడు గ్రాఫు కాగితం తీశాడు. మొదటి నాలుగు చుక్కలూ నూలు పట్టినట్టు వచ్చాయి. ఐదోది పెట్టాడు.

గీతకి పైన, ఎడంగా పడింది.

ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది మళ్ళీ గీత మీదికి వచ్చి బుద్ధిగా కూచున్నాయి.

తప్పుడు రీడింగు ఏ చుక్కకైనా రావచ్చు. ఐదోదానికే రావాలా? తెనాలిలో పిల్లలకి తను ఎంత ఎడం పెట్టమని చెప్పేవాడో అంతే ఎడం. గీత మీదికి తేవాలంటే పట్టికలో ఎంత రాయాలో అతనికి క్షణంలో తెలిసిపోయింది. వండితే ఎవరికీ తెలియదు. వండకపోతే వండాడంటారు.

కలం పట్టుకున్న చెయ్యి పట్టిక మీదికి వెళ్ళి ఆగింది. బిరడా వెనక్కి తిప్పి మళ్ళీ చూద్దామనుకునేలోగా పక్కన నీడ పడింది.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు. సన్నటి మనిషి, తెలుగువాడు కాదు. పక్కన బర్నబాస్. ఆయన గ్రాఫు మీదికి వంగి, ఐదో చుక్క మీద పెన్సిలు మొన ఆనించి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

"రీడింగ్, సార్."

"మళ్ళీ తీయి."

పున్నారావు బిరడా ఐదు మీదికి తిప్పాడు. వెలుగుచుక్క కదిలింది, ఊగింది, నెమ్మదించింది. గీతకి ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడ ఆగింది.

పరీక్షకుడు చిన్నగా నవ్వాడు. "ఇప్పుడు బుద్ధొచ్చింది దీనికి" అని, బర్నబాస్ వైపు తిరిగాడు. "ఈయన మీకు తెలుసా? ఇలాంటి అలవాటుందా?"

బర్నబాస్ ఐదో చుక్క వంక చూస్తూ ఉండిపోయాడు. పున్నారావు బర్నబాస్ వంక చూస్తున్నాడు.

"ఆయన నాకు మాస్టారండి" అన్నాడు బర్నబాస్, ఇంగ్లీషులోనే.

"నేనడిగింది అది కాదు."

బర్నబాస్ ఇంకేమీ అనలేదు. పరీక్షకుడు తన కాగితం మీద ఏదో గిలికి పక్క బల్లకి పోయాడు.

అప్పుడు బుద్ధిమంతుడు చేయవలసింది ఒక్కటే. ఆ చుక్కని అక్కడే వదిలేసి, గీత ఇచ్చిన విలువతో రెండో భాగం చేసి, ఫలితం రాసి, వచ్చిన మార్కులు తెచ్చుకోవడం. టైముంది. పున్నారావు ఆ పని చేయలేదు. బిరడా నాలుగు మీదికి తిప్పి మళ్ళీ ఐదు మీదికి తెచ్చాడు. గీత మీదే. ఆరు మీదికి పోయి వెనక్కి తెచ్చాడు. ఎడంగా! మళ్ళీ తిప్పాడు. గీత మీద. మళ్ళీ. ఎడంగా, ఈసారి ఇంకాస్త. వచ్చిన ప్రతి అంకే సిరాతో రాసి, ప్రతిదానికీ చుక్క పెట్టాడు. దీన్ని సత్యనిష్ఠ అనే తొందర మనకొద్దు. అందులో కోపముంది, భయముంది, రేపల్లె మొండితనముంది. ఆ చుక్క దొంగది కాదని బర్నబాస్ ఒక్కడు నమ్మితే చాలనిపించింది అతనికి. బర్నబాస్ మాత్రం ఆ చివర బల్ల దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు.

గంట కొట్టేసరికి గ్రాఫులో ఐదు దగ్గర చుక్కలన్నీ తట్టు పోసినట్టున్నాయి. రెండో భాగం పట్టిక తెల్లగా ఉంది.

"ఫలితమేదీ?" అన్నాడు పరీక్షకుడు.

పున్నారావుకి ఇంగ్లీషు అక్కరకి రాలేదు. "పెట్టె ఐదు దగ్గర నిలకడగా లేదండి. నాకు తేలింది అదేనండి" అన్నాడు తెలుగులో.

ఆయన బర్నబాస్ వంక చూశాడు. బర్నబాస్ ఆ రెండు వాక్యాలూ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఒక మాట ఎక్కువ కాదు, ఒక మాట తక్కువ కాదు.

సాయంత్రం బాపట్ల స్టేషన్లో తెనాలి వైపు బండి కోసం కూచుని ఉండగా బర్నబాస్ సైకిలు మీద వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. వేళ్ళకి పచ్చగా ఏదో అంటుకుంది.

"మాస్టారూ, పెట్టె విప్పానండి. ఐదో అంకె కింద ఇత్తడి బొత్తానికి చిలుము పట్టిందండి. బిరడా ఒకసారి ఆనుతోంది, ఒకసారి ఆనట్లేదు. ఈ సముద్రపుగాలికి ఇత్తడి ఆగదండి."

"మార్కులు?"

"వేసేశారండి. కవరుకి లక్క కూడా వేసేశారు."

రేపల్లెకి బెల్లం మోసుకెళ్ళే ముసలమ్మ ఒకామె పక్కన బస్తా దించి, వీళ్ళ మొహాలు చూసి, కాస్త అవతలికి జరిగింది.

"ఆయన అడిగినప్పుడు ఒక్క మాట చెబితే పోయేది గదండీ" అన్నాడు పున్నారావు.

"ఏం చెప్పమంటారండి? ఈ రెండేళ్ళూ మీరు వండలేదని నాకు తెలుసు. ఇవాళ కూడా వండలేదని ఎట్లా తెలుస్తుందండి? ఐదోదైపోయింది." బర్నబాస్ వేళ్ళ పచ్చదనం సైకిలు హాండిలుకి తుడుచుకున్నాడు. "నాలుగోదైతే నమ్మేవాణ్ణండి."

పున్నారావుకి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు.

"నాలుగోదైతే బావుండేదిరా బర్నబాస్."

రెండేళ్ళలో అతని నోట "రా" రావడం అదే మొదలు. బర్నబాస్ తలొంచుకుని, "అవునండి" అన్నాడు. బండి వచ్చింది.

జూన్‌లో ఫలితాలు తెలిశాయి. థియరీలో అనుకున్నదానికన్నా బాగానే వచ్చింది. ప్రాక్టికల్‌లో అత్తెసరు. అంతా కలిపితే థర్డ్ క్లాసు. రేపల్లెలో మాణిక్యాంబ పేపరు మడిచి పక్కన పెట్టి, "కొబ్బరిచెట్లు బాండులో లేవుగా" అంది. అతను ఆ మాటకి సమాధానంగా చెంబెడు నీళ్ళు తాగాడు.

తెనాలిలో హనుమయ్య ఈసారి కూచోమన్నాడు. అది మంచి సూచన కాదు.

"విన్నాను. రెండేళ్ళు పోయి ఒక్క చుక్క పట్టుకొచ్చావన్నమాట."

"అవునండి."

"వెళ్ళేటప్పుడు నేనొకటి అడిగాను. జవాబు చెప్పలేదు నువ్వు."

"రాకుండానే చెప్పానండి."

గుమాస్తా తలెత్తాడు. హనుమయ్య కూడా ఈ జవాబు ఊహించలేదు. కాగితాల మీది పొట్టు దులిపి, "ఇప్పుడొచ్చిందా మరి?" అన్నాడు.

"కొంచెం వచ్చిందండి."

"ఆ కొంచెంతో లెక్చరరు కుర్చీ రాదయ్యా. పాత పోస్టు ఉంది, పో. నీ పెళ్ళాం పొలం మీద పడి ఏం బావుకుంటాను, నెలకి ఇరవై చొప్పున జీతంలో కోస్తాను."

తెనాలి లాబులో ఆ తర్వాత వండడం ఆగిపోయిందని రాస్తే కథకి అందంగా ఉండేది. ఆగలేదు. లోలకాలు నాలుగే, స్టాప్‌వాచీలు రెండే, అందులో ఒకటి ఇప్పటికీ నడవదు, పిల్లలకి మార్కులు కావాలి. అతను చూసీ చూడనట్టు సంతకాలు పెట్టాడు. దిష్టిచుక్క మాత్రం ఎవరికీ నేర్పలేదు. నేర్పక్కర్లేకపోయింది కూడా, పై క్లాసువాళ్ళు కింది క్లాసువాళ్ళకి అప్పటికే అందించేశారు. ఏడాదికి ఒక్కసారి, హనుమయ్య మిల్లులో పారేసిన రాగితీగ ముక్కలు తెచ్చి, తలా ఒకటి ఇచ్చి, దీని నిరోధం ఎంతో చెప్పండ్రా అనేవాడు. ఆ జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు, అతనికీ తెలియదు. పిల్లలు తిట్టుకుంటూ కొలిచేవారు. దానికి మార్కుల్లేవు.

లెక్చరరు కుర్చీ రాలేదు. స్టాఫ్ రూములో అతనికంటూ కుర్చీ మాత్రం ఒకటి వచ్చింది, ఎవరో రిటైరైతే. 1977లో జీతాలు గవర్నమెంటే నేరుగా ఇవ్వడం మొదలుపెట్టడంతో కమిటీకి కోయడానికి జీతం దొరక్కుండా పోయింది. ఆ కార్తీకంలో వచ్చిన తుఫానుకి పెనుమూడి గట్టు మీద కొబ్బరిచెట్లు నాలుగూ కూలిపోయాయి. బాండు తాలూకు సొమ్ములో రెండు వందల నలభై రూపాయలు పున్నారావు ఇంకా కమిటీకి బాకీ.